సెల్ఫ్ ఎత్తని నీలం బండి

శనివారం పొద్దున ఆ వీధిలో ఏం జరిగిందో చూసినవాళ్ళు చూశారు. చూడనివాళ్ళకి చూసినవాళ్ళు ఉప్పూకారం కలిపి చెప్పే ఉంటారు. మనం మాత్రం కల్తీ లేకుండా ఒకసారి గుర్తు చేసుకుందాం. నీలం వ్యాను మళ్ళీ మొరాయించింది. బానెట్ ఎత్తి ఉంది. దాని ముందు ఆ ఇంటి కోడలి మరిది, చేతిలో స్పానరు. కోడలు గడప దాటి బయటికి రావడం, ఆ స్పానరు కంటపడడం, నోరు జారడం అన్నీ ఒక్కసారే అయిపోయాయి. "బండి రోజూ ఎందుకు ఆగిపోతోందా అనుకున్నాను. అమ్మేద్దాం, అమ్మేద్దాం అని నువ్వు నా ప్రాణం తీస్తున్నది ఇందుకా?" అని వీధంతా వినేలా అరిచింది. మరిది స్పానరు బంపరు మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. రాత్రి భోజనానికి కూడా రాలేదు.

ఇరుగుపొరుగు నలుగురూ చేయి వేసి నెడితే బండి కదిలింది గాని, అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ వ్యాను మోసేది ఆసుపత్రి దుప్పట్లు. లాండ్రీలో ఉతికి మడతపెట్టిన మూటలు ఎక్కించుకుని, ఆసుపత్రి పని మొదలుకాకముందే దింపిరావాలి. లాండ్రీ మేనేజరు మంచివాడే, కానీ మంచివాళ్ళకీ పైన ఎవరో ఒకరుంటారు. "ఇంకొక్కసారి లేటయితే నేను వేరే బండి మాట్లాడుకోవాలమ్మా. ఆపరేషన్ బల్ల మీద పరవడానికి దుప్పటి లేక డాక్టరుగారు చేతులు కడుక్కుని నిలబడ్డారట" అన్నాడు.

ఆ పని పోతే బండిని అమ్మక తప్పదు. కోడలి భయమంతా అదే. ఆ బండి ఆమె భర్తది. వానలు మొదలయ్యేముందు తండ్రితో గొడవపడి కట్టుబట్టలతో వెళ్ళిపోయిన మనిషి, "బాగానే ఉన్నాను, వెతకొద్దు" అని ఒక్క కబురు పంపి ఊరుకున్నాడు. ఫోను ఎత్తడు. ఈ ఇంట్లో ఆయనది అని చెప్పుకోవడానికి మిగిలింది ఆ వ్యాను ఒక్కటే. అదీ పోతే ఆయన తిరిగి రావడానికి దారి మూసేసినట్టే అని ఆమెకు గట్టిగా అనిపించేది. ఈ సంగతి పైకి చెబితే పిచ్చిదంటారని చెప్పలేదు. డ్రైవింగు నేర్చుకుని స్టీరింగు పట్టుకుంది.

ఇక ఆదివారం పొద్దున. లాండ్రీకి సెలవు. ఇంటిముందు చల్లగా నిద్రపోతున్న వ్యాను దగ్గరికి సెల్ఫక్క వచ్చింది.

సెల్ఫక్క అసలు పేరు ఆమె మొగుడికైనా గుర్తుందో లేదో. బళ్ళ సెల్ఫ్ మోటార్లూ డైనమోలూ బాగుచేసే కొట్టు ఆమెది. తాళం తిప్పగానే ఇంజన్ని మేలుకొలిపేది సెల్ఫ్ మోటారు కదా, ఊళ్ళో అది నిద్రలేపకపోతే ఈమె నిద్రలేవాలి. చేతిసంచీలో మీటరూ, పాము లావున్న రెండు వైర్లూ వేసుకుని వచ్చింది. వస్తూనే బండికి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"నా కొట్టుకే తెచ్చేదాన్నిగా అక్కా, ఎందుకింత దూరం వచ్చావు?" అంది కోడలు.

"తెచ్చావుగా ఇన్నిసార్లు! నా దగ్గరికి ఎప్పుడొచ్చినా ఒళ్ళు వెచ్చబడి దర్జాగా వస్తుంది. తాళం తిప్పితే గుర్రుమంటుంది. సెల్ఫ్ ఊడదీసి బల్ల మీద పెడితే బొంగరంలా తిరిగింది. బ్యాటరీ కొత్తది వేశావు. పిల్లాడికి జ్వరం ఇంట్లో ఉన్నప్పుడే చూడాలమ్మా, ఆస్పత్రికి తీసుకెళ్తే వాడు ఆడుకుంటూ ఉంటాడు. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు కదా?"

"నిన్నటినుంచి తాళం కూడా పెట్టలేదు."

"పెద్దాయనా, మీరు?"

గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న మామగారు ముఖం తిప్పుకున్నాడు. ఒకప్పుడు ఊళ్ళో బళ్ళకి రంగులు వేయించుకోవాలంటే ఆయన షెడ్డు ముందు వరస కట్టేవారు. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది, షెడ్డుకి తాళం. మనిషి మాటలు తగ్గించేశాడు గాని చెవులు మాత్రం బండి దగ్గరే ఉన్నాయి.

"సరే, లైట్లు వెయ్యి" అంది సెల్ఫక్క. "ఎదురుగోడ మీద వెలుగు చూస్తూ తాళం తిప్పు. బండిని చూడకు, గోడని చూడు."

కోడలు తాళం తిప్పింది. లోపలెక్కడో టిక్కుమంది. అంతే. మళ్ళీ తిప్పింది. మళ్ళీ టిక్కు. రోజూ పొద్దున ఆమె గుండెల్లో రాయి పడేసే చప్పుడు అదే.

"వెలుగు తగ్గిందా?"

"లేదక్కా. అలాగే ఉంది."

"చూశావా! బ్యాటరీకి నీరసమైతే లైటు కళ్ళు మూసేసేది. ఇది కన్నార్పలేదు. అంటే తప్పు బ్యాటరీది కాదు. సెల్ఫ్ దాహం దాహం అంటోంది గాని గుక్క దిగడం లేదు. గొంతు ఎక్కడ పూడిందో చూద్దాం. ఇంకోసారి తిప్పు... ఇంకోసారి..."

"ఏదో కాలుతోంది" అన్నాడు మామగారు గుమ్మంలోంచి.

ఇద్దరూ ఆయనవైపు చూశారు. జీవితమంతా థిన్నరు వాసన పీల్చిన ముక్కు అది, దానికి ఇంకా వయసు రాలేదు. సెల్ఫక్క బానెట్ కిందికి వంగి గాలి పీల్చింది. ఒక్కొక్క వైరునే వేలి కొసతో తాకుతూ పోయింది. ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అమ్మో! యాక్సిలరేటరు కేబులు. చుర్రుమంది!"

కోడలు దిగి వచ్చింది. "అది కాలితో తొక్కేది కదక్కా? దానికీ కరెంటుకీ ఏం సంబంధం?"

"నాకూ అదే కావాలి!" అంది సెల్ఫక్క. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. పేకాటలో మంచి ముక్క పడ్డవాళ్ళ ముఖం అలాగే ఉంటుంది. "ఇదిగో విను. బ్యాటరీలోంచి బయల్దేరిన కరెంటు ఈ లావు వైరులోంచి సెల్ఫ్‌కి వస్తుంది. వచ్చింది వచ్చినట్టు ఉండిపోదు, పని చేసి తిరిగి ఇంటికి పోవాలి. ఇంజను ఇనుములోంచి బండి ఇనుములోకి, అక్కణ్నించి బ్యాటరీకి. ఆ పోయే దారినే ఎర్త్ అంటాం. మీ బండిలో ఆ పెద్దగేటు ఎవరో మూసేశారు. పెళ్ళి జనమంతా కలిసి దొడ్డిదారి సందులోంచి పోతున్నారు. ఈ సన్న కేబులే ఆ సందు. అందుకే ఇది కాలుతోంది, సెల్ఫ్ తిరగడం లేదు. ఇంజను వెచ్చగా ఉంటే సెల్ఫ్‌కి బరువు తక్కువ, ఆ కాస్త దారితోనే ఎలాగో తిప్పేస్తుంది. పొద్దున చలికి ఇంజను బిగుసుకుని ఉంటుందిగా, అప్పుడు చేతకాదు."

"మరి ఎలా తెలుస్తుంది, నిజంగా అదేనని?"

"ఇలా." సంచీలోంచి లావు వైరు తీసి ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజను ఇనుముకి కరిపించింది. "దొంగదారి కాదు, రాజమార్గం వేశాను. ఎక్కి కొట్టు సెల్ఫు."

కోడలు తాళం తిప్పీ తిప్పగానే ఇంజను గుర్రుమని లేచింది. ఇన్నాళ్ళూ ఇంతమందిని ఏడిపించింది తాను కానట్టు, అమాయకంగా లేచింది. కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. స్టీరింగు మీద తల ఆనించింది. బండి బతికింది. రేపు లాండ్రీకి తీసుకెళ్ళొచ్చు.

"ఆపు, ఆపు. సంబరం తర్వాత. గేటు ఎవరు మూశారో చూడాలి" అంటూ సెల్ఫక్క గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరింది. టార్చి వెలుగు అటూ ఇటూ తిరిగింది.

"ఏమ్మా," అని వినిపించింది కిందినుంచి, "ఇంత ముద్దుగా ఉందేంటిది?"

"ఏది?"

"నువ్వే వచ్చి చూడు."

కోడలు కూడా కిందికి దూరింది. అడుగంతా మడ్డి నూనే, ఎండిన బురదా. ఆ మురికిలో అరచేతి వెడల్పున ఒక్క చోట మాత్రం నున్నగా, తళతళా, నీలంగా మెరుస్తోంది. సరిగ్గా అక్కడే ఇంజన్లోంచి వచ్చిన అల్లిక ఎర్త్ వైరు బండి ఇనుముకి బోల్టుతో బిగించి ఉంది. సెల్ఫక్క బోల్టు విప్పింది. వైరు కొసన ఉన్న రేకు చెవి కింద కూడా రంగే. మీటరు పుల్లలు రంగు మీద ఆనిస్తే ఉలుకూ పలుకూ లేదు. స్క్రూడ్రైవరుతో గీకితే నీలం, దాని కింద ఎర్రటి ప్రైమరు, ఆ తర్వాతే ఇనుము.

"పుణ్యాత్ములెవరో తుప్పు చూడలేక వైరు విప్పి, ఎమరీ కాగితంతో రుద్ది, ప్రైమరేసి, రంగేసి, ఆరనిచ్చి మళ్ళీ బిగించారు. పూజగదికైనా ఇంత శ్రద్ధగా వెయ్యరు. ఎర్త్‌కి కావాల్సింది బోసి ఇనుమమ్మా. రంగేస్తే గోడ కట్టినట్టే. మెకానిక్ అన్నవాడెవడూ ఈ పని చెయ్యడు. ఇది రంగులవాళ్ళ పని."

కోడలు బండి కిందినుంచే గుమ్మంవైపు చూసింది. ఆ ఇంట్లో బోసి ఇనుము అన్నది బతికి బట్టకట్టలేదు. తలుపు గొళ్ళానికి మామగారు ఎంత మందంగా రంగేశారంటే, అది పడితే లేవదు, లేస్తే పడదు. కిటికీ బందులు, కుళాయి మర, చివరికి కుట్టుమిషను చక్రం కూడా రంగు పూసుకుని బిగుసుకుపోయాయి. "ఇనుము బోసిగా ఉంటే నాకు చలేస్తుంది అమ్మాయ్" అనేవాడు ఆయన.

"మావయ్యా, మీరేనా?" అంది బయటికి వచ్చి. గొంతులో కోపం లేదు. ఆయనే అయితే బాగుండునని కూడా ఉంది. ఇంట్లో అందరూ కలిసి నవ్వుకునే పొరపాటు అవుతుంది.

"ఏం చేశాను?"

చెప్పింది. ఆయన ముఖం చిన్నబోయింది. వణుకుతున్న చేతిని ఒళ్ళోంచి పైకెత్తి చూపించాడు.

"దీంతోనా? వాడు వెళ్ళిన రోజు షెడ్డుకి తాళం వేశాను. డబ్బా మూత తియ్యలేదు. బ్రష్షులు ఎండి పుల్లలైపోయాయి. పోయి చూసుకో."

కోడలు నాలిక కరుచుకుంది. నిన్న మరిదిని, ఇవాళ మామగారిని. ఇల్లంతా ఒక చుట్టు అనుమానించడం అయిపోయింది. మరిదికి రంగంటే పడదు, చిన్నప్పటినుంచీ ఆ వాసనకే తుమ్ములు. ఆ ఇంట్లో బ్రష్షు పట్టగలిగినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు ఈయన. రెండో మనిషి, ఇల్లు వదిలి వెళ్ళినవాడు.

ఆమె నోరు తెరవకముందే మామగారు కుర్చీలోంచి లేచాడు. మెట్టు దిగి వచ్చి, లుంగీ సర్దుకుని, ఎవరు వారిస్తున్నా వినకుండా గోనెసంచి మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు.

"వెలుగు పట్టమ్మా" అన్నాడు సెల్ఫక్కతో.

చాలాసేపు చూశాడు. ఇంకా గీకని సగం మీద వేలు పెట్టి నెమ్మదిగా కిందినుంచి పైకి తడిమాడు.

"ఇక్కడ పట్టు... ఆ. చూశావా, పైన రంగు ఉబ్బి ఆగింది. ఆఖరి లాగుడు పైకి లాగితే ఇలా అంచు కడుతుంది. బ్రష్షుని పైనుంచి కిందికి లాగి వదలాలి. ఎన్నేళ్ళు చెప్పాను వెధవకి! చెవికెక్కితేనా? ఆ రోజు కూడా దీనికే... నలుగురి ముందు... నీకు బ్రష్షు పట్టే యోగ్యత లేదు, నా గడప తొక్కకు అన్నాను."

సెల్ఫక్కకి విషయం పూర్తిగా తెలియకపోయినా టార్చిని అలాగే పట్టుకుని ఉంది.

"నీకు కావాల్సింది వైరు కింద కాస్త చోటే కదమ్మా? అంతవరకే గీకు. ఇది ఉంచు" అన్నాడు ఆ అంచు మీదినుంచి వేలు తియ్యకుండా.

కోడలు బండికి ఆనుకుని నిలబడిపోయింది. ముందు సంతోషం వచ్చింది, ఒళ్ళంతా. వానల బురద అంటని రంగంటే, వెళ్ళాక వేసిందే. ఆయన వచ్చాడు. ఎప్పుడో, ఆమె ఇంట్లో ఉండగానే, ఈ గోనెసంచి పరిచినచోటే పడుకుని, తన బండి తుప్పు పట్టకూడదని చేతులారా రంగు వేసి వెళ్ళాడు. ఆ వెనకే ఒళ్ళు మండింది. ఇంతదాకా వచ్చినవాడికి ఆ నాలుగు మెట్లు ఎక్కడానికి ఏమైంది? బండికి తుప్పు పడితే చూడలేడు గాని పెళ్ళాం ఏమైపోతుందో పట్టదా? వేసిన రంగుతోనే నా నోటిముందు కూడు తియ్యబోయాడని తెలుసా ఈ మహానుభావుడికి?

"వదినా."

మరిది. ఇంజను చప్పుడు విన్నట్టున్నాడు, పక్కింటి స్నేహితుడి అరుగు దిగి వచ్చి దూరంగా ఆగిపోయాడు. నిన్నటి చొక్కాయే.

కోడలు ఎదురెళ్ళింది. "తప్పు నాది. నిన్న నిన్ను అనకూడని మాట అన్నాను. మనసులో పెట్టుకోకు" అంది సూటిగా.

"నువ్వు అన్నందుకు వెళ్ళలేదు వదినా. ఇంకో మాట అడిగితే చెప్పేస్తానేమోనని భయమేసి వెళ్ళిపోయాను." బండి కింద కనిపిస్తున్న తండ్రి పాదాలవైపు చూసి గొంతు తగ్గించాడు. "అన్నయ్య చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు లేవకముందే బ్యాటరీ టెర్మినళ్ళు బిగించి చూద్దామని స్పానరు పట్టుకున్నాను గాని నాకేం తెలుసు? బండి అమ్మేస్తే అన్నయ్యకి ఈ పొద్దునపూట కాపలా తప్పుతుంది, ఇంటికైనా వస్తాడు అనుకున్నా."

"కాపలా ఏమిటి?"

"రోజూ పొద్దున సందు చివర టీ కొట్టు దగ్గర నిలబడతాడు. నువ్వు బయల్దేరావా లేదా చూసుకుని పోతాడు. పక్క వీధిలో వేరేవాళ్ళ రంగుల షెడ్డులోనే పని. కాపలా ఆదివారం కూడా మానడు."

"మరి నాకు ఒక్కరోజు కూడా కనబడలేదే?"

మరిది తటపటాయించాడు. "బండి ఆగినప్పుడల్లా వెనకనుంచి నెట్టింది ఎవరనుకున్నావు?"

కోడలు బండి వెనకవైపు చూసింది. ఆ వ్యానుకి వెనక అద్దం లేదు, అంతా మూసిన రేకు. పక్క అద్దాల్లో పక్కింటాయనా, పేపరాయనా కనిపించేవారు. నట్టనడుమ ఎవరున్నారో ఎన్నడూ చూడలేదు. అందరూ చేతులు ఆనించాక వెనక రేకు మీద టపటపమని రెండు దెబ్బలు పడేవి, ఇక కానివ్వు అన్నట్టు. ఆమె రెండో గేరు వేసి క్లచ్చి వదిలేది. బండి అందుకున్నాక ఆపితే మళ్ళీ లేవదని భయం. కిటికీలోంచి చెయ్యి ఊపి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయేది.

"వీధిలో అందరికీ తెలుసు" అన్నాడు మరిది. "నీకూ నాన్నకీ తప్ప."

బండి కిందినుంచి మామగారు మెల్లగా బయటికి జరిగాడు. విన్నాడు. లేపడానికి మరిది చెయ్యి అందిస్తే పట్టుకుని లేచాడు గాని ఎవరివైపూ చూడలేదు.

"బిగించేశాను" అంది సెల్ఫక్క కూడా బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ. "బోసి ఇనుము మీద కూర్చోబెట్టాను. ఇక ఎవరూ నెట్టే పని ఉండదు."

నెట్టే పని ఉండదు. ఆ మాట వినగానే కోడలు చివ్వున తలెత్తింది. రేపు పొద్దున బండి ఠక్కున లేస్తుంది, ఆయన దూరంనుంచి చూసుకుని తృప్తిగా వెళ్ళిపోతాడు. ఎల్లుండీ అంతే.

"అక్కా, ఆ వైరు విప్పు."

"ఏమన్నావు?"

"మళ్ళీ విప్పు. ఒక్క పావుగంట. నీకు పుణ్యముంటుంది."

సెల్ఫక్క ముగ్గురి ముఖాలూ చూసింది. ఏం అర్థమైందో గాని, గొణుక్కుంటూ మళ్ళీ కిందికి దూరింది. "జన్మలో మొదటిసారి, బాగైనదాన్ని పాడుచెయ్యమని అడిగినవాళ్ళని చూడడం. కేబులు కాలుతుంది, ఎక్కువసేపు తిప్పకు!"

కోడలు సీటు ఎక్కింది. మిగిలిన ముగ్గురూ ఎత్తిన బానెట్ ముందు, వెనకనుంచి చూస్తే కనబడనిచోట నిలబడ్డారు. తాళం తిప్పింది. టిక్కు. ఆగి మళ్ళీ తిప్పింది. టిక్కు. ఆదివారం పొద్దు, వీధి ఖాళీగా ఉంది, కదలని బండి సందు చివరినుంచి కనబడుతూనే ఉంటుంది. పక్క అద్దంలో ఎవరూ లేరు. ఇంకొకసారి తిప్పింది.

ఎవరూ రారనుకుని తాళం మీదినుంచి చెయ్యి తీసేసింది.

అప్పుడు వెనక రేకు మీద టపటపమని రెండు దెబ్బలు పడ్డాయి.

బండి ముందుకి కదలబోయింది. కోడలు గేరు ముట్టుకోలేదు. బలమంతా కాళ్ళలోకి తెచ్చుకుని బ్రేకు తొక్కి పట్టుకుంది. వెనకనుంచి ఇంకా గట్టిగా నెడుతున్నాడు. బండి అంగుళం కదలడం లేదు. ఎందుకు కదలడం లేదో ఆయనకి అర్థమయ్యేలోపు...

మామగారు వణుకుతున్న చేతిని నీలం రేకు మీద ఆనించుకుంటూ, బండి పక్కనుంచి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు.